చౌకలో పాత జోడు గొట్టాల తుపాకీ: కొనొచ్చా, కొత్త టర్కీదే మేలా?

కొత్తచెయ్యి (డెంటన్, టెక్సస్)

అందరికీ నమస్కారం. గ్రీన్‌కార్డు వచ్చాక ఆఫీసు వాళ్ళతో కలిసి గాల్లోకి విసిరే మట్టి పళ్ళేల్ని తుపాకీతో కొట్టడం అలవాటైంది. సెప్టెంబరులో పావురాల వేట సీజన్‌కి కూడా రమ్మంటున్నారు. ఎప్పుడూ అరువు తుపాకీయే. పక్కపక్కన రెండు గొట్టాలుండే పాతకాలపు తుపాకీ మీద మనసు పడింది. బడ్జెట్ 700 డాలర్లు, అది దాటితే ఇంట్లో గొడవ.

మొన్న గన్ షోలో మూడు 12 గేజ్‌వి (గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత) చూశాను. స్టీవెన్స్ 311, 375 డాలర్లు, గీతలున్నా గట్టిగానే ఉంది, కానీ దాని మీద సీరియల్ నంబరే లేదు. ఫాక్స్ స్టెర్లింగ్‌వర్త్, 650, గొట్టం మీద ఫిలడెల్ఫియా అని ఉంది, చెక్క మీద ట్రిగ్గర్ గార్డు వెనక వెంట్రుకంత పగులు. మూడోది బెల్జియం హామర్ గన్ (సుత్తులు బయటికి కనిపించే రకం), గొట్టాల మీద అలలు అలలుగా డామస్కస్ నగిషీ, 200 మాత్రమే. నిజం చెప్పాలంటే కన్ను దాని మీదే ఉంది. ఏది తీసుకోమంటారు? అసలు తీసుకోవద్దంటారా?

కొత్తదేమేలు (అట్లాంటా)

మూడూ వద్దు. ఇంకో వంద, రెండొందలు కలిపితే టర్కీలో హుగ్లూ వైపు తయారయ్యే కొత్త జోడు తుపాకీ వస్తుంది. 3 అంగుళాల చాంబర్ (తూటా కూర్చునే గది), మార్చుకునే చోకులు (గొట్టం కొసన ఉండే ఇరుకు), స్టీలు గుళ్ళు కాల్చినా భయం లేదు, పైగా వారంటీ. నూరేళ్ళ నాటి ఇనుము లోపల ఎవరు ఏం చేశారో నీకు తెలుస్తుందా? బుగ్గ ఆనించి కాల్చే వస్తువు తమ్ముడూ, గోడగడియారం కాదు.

పావురాలసీజన్ (శాన్ ఆంటోనియో)

అన్నా, గివన్ని ఎందుకు, 311 తీస్కో. మా గ్యాంగుల ఇద్దరి తాన ఉంది. అమెరికాల రైతులు కొట్టంల మూలకు పెట్టుకుని వాడిన తుపాకి అది, ట్రాక్టర్ లెక్క. జెర బరువు, చూపుకు అందం లేదు, గంతే.

సీరియల్ నంబర్ లేదని పరేషాన్ కాకు. 1968ల గన్ కంట్రోల్ యాక్టు వచ్చినంకనే అన్ని తుపాకులకు నంబర్ తప్పనిసరైంది. అంతకుముందు చవుక షాట్‌గన్లు మస్తుగ నంబర్ లేకుంటనే వచ్చినయ్. మొదటి నుంచి లేకుంటే తప్పు కాదు. ఉన్నదాన్ని గీకినట్టు కనబడితే మాత్రం ముట్టుకోకు, అది జైలు కేసు.

ఇంకో ముచ్చట. పావురాలకు వలస పక్షుల రూలు ఉంది, తుపాకిల మూడు తూటాలకన్న ఎక్కువ పట్టొద్దు. పంపు తుపాకికి అడ్డం కట్టె పెట్టాలె. జోడు దానికి ఆ లొల్లే లేదు.

బర్మింగ్‌హామ్_పిచ్చి (న్యూజెర్సీ)

311 మంచిదే, కాదనను. కానీ 650కి ఫిలడెల్ఫియా స్టెర్లింగ్‌వర్త్ అంటే చూడకుండా వదలకండి. 1910లో మొదలైన మోడల్ అది. 1930 ప్రాంతంలో సావేజ్ అనే ఇంకో తుపాకీ కంపెనీ వాళ్ళు దాన్ని తీసుకుని యూటికాకి మార్చారు, కాబట్టి ఫిలడెల్ఫియా అని ఉంటే చాలావరకు అంతకు ముందుదే. లోపల విడిభాగాలు చాలా తక్కువ. పైన తిరిగే బోల్టు అరిగేకొద్దీ ఇంకాస్త లోపలికి దిగి బిగుతు నిలుపుకుంటుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వెళ్ళినప్పుడు పట్టుకెళ్ళింది కూడా ఫాక్సే. అది బాగా ఖరీదైన గ్రేడు, స్టెర్లింగ్‌వర్త్ కాదు, మీ అమ్మకందారు ఆ కథ చెప్పి ధర పెంచితే నమ్మొద్దు.

పేరు చూసి కొనకండి, పరిస్థితి చూసి కొనండి. గన్ షోలో పది నిమిషాలు చాలు. మొదట గొట్టాల కింద చేత్తో పట్టుకునే చెక్క ముక్కని ఊడదీయండి. అది ఉంటే దాని స్ప్రింగు వదులుని దాచేస్తుంది. ఇప్పుడు గొట్టాల్ని పట్టుకుని ఊపండి. కటకట కదిలినా, గొట్టాల వెనక కొసని మూసే ఇనుప ముఖానికీ గొట్టానికీ మధ్య వెలుతురు కనిపించినా కీలు అరిగిందన్నమాట. పై లివరు చూడండి. కొత్తలో మధ్యగీతకు కుడివైపు ఆగుతుంది, అరిగేకొద్దీ ఎడమకు జరుగుతుంది. గొట్టాల జతని తుపాకీ నుంచి విడదీసి కొక్కెం దగ్గర వేలికి వేలాడదీసి గోటితో కొట్టండి. గంటలా మోగాలి. బొంగురుగా పలికితే రెండు గొట్టాల మధ్య పట్టీ అతుకు వదిలింది, దాన్ని మళ్ళీ అతికించే ఖర్చుతో ఇంకో 311 వస్తుంది.

తర్వాత లోపలికి చూడండి. దీపం వెలుగు గొట్టంలో వలయాలుగా పడుతుంది. ఎక్కడైనా వలయం వంకరపోతే అక్కడ సొట్టో ఉబ్బో ఉంది. గుంటలు పడి, ఆ తర్వాత ఎవరో వాటిని పాలిష్ చేసి తీసేసి ఉంటే గోడ పలచబడుతుంది, అది కంటికి కనిపించదు. కొలిచే సాధనం ఉన్న గన్‌స్మిత్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఆ పగులు గురించి: పాత చెక్క నూనె తాగి మెత్తబడి, తుపాకీ వెనక్కి తన్నినప్పుడల్లా ఇనుము దాన్ని చీలుస్తుంది. ఎపాక్సీతో ఆపొచ్చు. 650 అడిగేవాడిని పగులు చూపించి 550కి దింపండి.

కొత్తదేమేలు

అంటే 650 తుపాకీకి గన్‌స్మిత్ కొలత, చెక్క మరమ్మతు, అదృష్టం బాగోకపోతే కీలు పని. చౌక ఎక్కడుంది సార్ ఇందులో?

పోనీ బాగు చేయించాడే అనుకుందాం. పాత తుపాకులకి చోక్ బిగుతు ఎక్కువ. కాగితం షెల్లు, ఊలు బిళ్ళలు వాడే రోజుల్లో గుళ్ళు చెదిరిపోయేవి కాబట్టి గొట్టం కొస బాగా ఇరుకు చేసేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ కప్పు వచ్చి గుళ్ళని దగ్గరగా పట్టి ఉంచుతుంది. పాతిక గజాల దూరంలో పావురాన్ని ఫుల్ చోక్‌తో (బాగా బిగుతైనది) కొడితే తగలదు, తగిలితే తినడానికి మిగలదు. చెక్క వంపు చూశారా? భుజానికి ఆనే కొస పైభాగం (మడమ) దగ్గర 3 అంగుళాల దాకా కిందకి దిగిపోయి ఉంటుంది. ఇవాళ్టి తుపాకీకి అలవాటైనవాడు దాన్ని ఎత్తితే గొట్టం కొసన ఉండే గురి పూస కనిపించదు, బొటనవేలు కనిపిస్తుంది. చెంపకి దెబ్బ అదనం.

బర్మింగ్‌హామ్_పిచ్చి

చోక్ మాట ఒప్పుకుంటాను, వంపు మాట కూడా. అందుకే కొనేముందు భుజానికి ఎత్తి చూసుకోమనేది. కళ్ళు మూసుకుని ఎత్తి, తెరిస్తే చూపు పట్టీ మీద ఉండాలి. లేకపోతే అది ఎంత మంచి తుపాకీ అయినా ఇంకొకరిది. చోక్‌ని తెరిపించుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు. కానీ మీ టర్కీది పదేళ్ళ తర్వాత ఎంతకి అమ్ముడవుతుందో కూడా చెప్పండి. స్టెర్లింగ్‌వర్త్ కొన్న ధరకి పోతుంది.

కొత్తదేమేలు

అమ్ముకోవడానికి కొంటున్నాడా, కాల్చడానికా?

గ్రీన్‌కార్డ్_క్యూ (ఫ్రిస్కో)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది హెచ్-1బీ. మా రూమ్మేటు పాత తుపాకీ కొందామంటున్నాడు. వీసా మీద ఉన్నవాళ్ళు కొనొచ్చా? పాతదైతే పర్వాలేదని ఎవరో అన్నారు.

బర్మింగ్‌హామ్_పిచ్చి

ఆ "ఎవరో" మాట నమ్మితే కొంప మునుగుతుంది. నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొనడమే కాదు, రేంజ్‌లో అద్దెకి తీసుకుని పట్టుకోవడం కూడా అందులోకే వస్తుంది. కొన్ని మినహాయింపులున్నాయి, మనవాళ్ళు ఎక్కువగా వాడేది వేట లైసెన్సు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే కొనొచ్చు. దుకాణంలో తుపాకీ కొనేవాళ్ళు నింపే 4473 అనే ఫెడరల్ ఫారం నింపేటప్పుడు అది చూపించాలి. ఆ ఫారంలో అబద్ధం రాస్తే అదే ఇంకో నేరం.

"పాతది" అన్న మాటకి చట్టంలో అర్థం వేరు. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనది పురాతన వస్తువు, ఫెడరల్ చట్టం దాన్ని తుపాకీగా లెక్కేయదు. 1920ల స్టెర్లింగ్‌వర్త్ మనకి ఎంత పాతదైనా చట్టానికి మామూలు తుపాకీయే. రాష్ట్రాల చట్టాలు మళ్ళీ వేరు.

పావురాలసీజన్

టెక్సస్‌ల ఉన్నోళ్ళు ఇంకోటి యాద్ పెట్టుకోవాలె. ఇక్కడ మామూలు వేట లైసెన్సు ఆగస్టు 31కి ఖతం. సెప్టెంబర్ 1 నాడు కొత్తది తీయకుంటే, వీసా మీద ఉన్నోని ఇంట్ల బీరువాల ఉన్న తుపాకి గా పొద్దుటి సంది నేరమే. పావురాల సీజన్ మొదలయ్యేది సుత గా దినాలల్లనే. 1971 సెప్టెంబర్ 2 నాడు గానీ, గా తర్వాత గానీ పుట్టినోళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు సుత చేయాలె.

కొత్తదేమేలు

ఈ ఒక్క విషయంలో నా మాట వినండి. చట్టం ఒప్పుకున్నా సరే, గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాడికి తుపాకీ ఎందుకు? ఒక్క తేదీ మర్చిపోతే వీసా, ఉద్యోగం, పిల్లల చదువు అన్నీ దాంతో ముడిపడతాయి. లాయర్‌ని అడగకుండా అడుగు వేయకండి.

గ్రీన్‌కార్డ్_క్యూ

అర్థమైంది అన్నా. ఆగస్టు 31 సంగతి మాకెవరికీ తెలీదు. థాంక్స్.

తాతగారి_గ్రీనర్ (గుంటూరు)

మీ ధరలు చూస్తుంటే కడుపు మండుతోంది బాబూ. ఇక్కడ 1980ల నుంచి వ్యక్తిగత దిగుమతులు ఆగిపోయాయి. ఉన్న ఇంగ్లీషు తుపాకులే చేతులు మారుతుంటాయి, మంచిదైతే లక్షల్లో మాట. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితి రెండుకి దిగింది. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ళ నుంచి ఐదేళ్ళు చేశారు, అంతవరకు సంతోషం. ఎన్నికలు వస్తే పోలీస్ స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకోవడం మామూలే.

మా తాతగారి డబ్ల్యూ. డబ్ల్యూ. గ్రీనర్ కంపెనీ ఇంగ్లీషు తుపాకీ ఇప్పుడు నా లైసెన్సు మీద ఉంది. దాంతో నేర్చుకున్న విషయం ఒకటి ఆ అబ్బాయికి చెప్పాలి. పాత ఇంగ్లీషు తుపాకులకి చాంబర్ చాలావాటికి 2½ అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు దొరికే తూటా 70. అది చక్కగా లోపలికి వెళ్ళిపోతుంది, తలుపు కూడా మూసుకుంటుంది, ఎందుకంటే కాల్చకముందు దాని మూతి మడిచి ఉంటుంది. పేలాక ఆ మడత విప్పుకోవడానికి చోటు చాలక సన్నబడే చోట ఇరుక్కుని ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి "పట్టింది కదా" అనేది కొలత కాదు.

డామస్కస్ మీద మోజు పడకు నాయనా. ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, కొట్టి అతికించిన గొట్టం అది. లోపల అతుకు ఎక్కడ తుప్పు తిందో బయటికి తెలియదు.

బర్మింగ్‌హామ్_పిచ్చి

గ్రీనర్ గారూ, చాంబర్ మాట అక్షరాలా నిజం. డామస్కస్ మాటకి మాత్రం అడ్డుపడతాను. డామస్కస్ అంటేనే బాంబు అనడం అమెరికన్ల అలవాటు. బ్రిటన్‌లో ఇవాళ్టికీ మంచి డామస్కస్ గొట్టాల్ని పొగరాని మందుకు పరీక్షించి ముద్ర వేస్తారు. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ అనే పరీక్షా సంస్థ 1813 నుంచి తుపాకీ గొట్టాల్ని పరీక్షిస్తోంది. కిరీటం కింద ఎన్‌పీ అక్షరాలుంటే నైట్రో పరీక్ష, అంటే ఆ పొగరాని మందు పరీక్ష, నెగ్గినట్టు. అమెరికాలో అలాంటి సర్కారు పరీక్షే లేదు. ఫాక్స్ అయినా స్టీవెన్స్ అయినా తయారీదారు మాటే నమ్మాలి.

తాతగారి_గ్రీనర్

ముద్ర వేసిన రోజున నెగ్గింది, సరే. ఆ తర్వాత నూరేళ్ళు ఎవరి కొట్టంలో ఎంత తేమలో ఉందో ఆ ముద్ర చెబుతుందా?

బర్మింగ్‌హామ్_పిచ్చి

చెప్పదు. అందుకే 200 డాలర్ల బెల్జియం హామర్ గన్‌ని నేను కూడా కాల్చమనను. అది బెల్జియంలోని లియేజ్ ఊరి సరుకు అయి ఉంటుంది, హార్డ్‌వేర్ దుకాణాలకి టోకున వచ్చినవి కొల్లలు. గొట్టాల కింద సింహం బొమ్మ, పీవీ అక్షరాలు లేకపోతే నైట్రో పరీక్ష జరగలేదనే అనుకోండి. నా వాదన మంచి డామస్కస్ గురించి. ఇది మంచిది అనలేదు.

పావురాలసీజన్

అంటే మూడోది పోయింది. ఇగ రెండే.

కొత్తచెయ్యి

నిన్న అమ్మకందారుకి ఫోన్ చేశాను. స్టెర్లింగ్‌వర్త్ 575కి ఇస్తానన్నాడు, మూడు రోజుల్లో వాపసు ఒప్పుకున్నాడు. అదే రోజు గన్‌స్మిత్‌కి చూపించాను. గోడ మందం బాగుందట, కీలు బిగుతుగానే ఉంది, రెండు గొట్టాలూ గంటలా మోగాయి. రెండు చిక్కులు. పగులు నేననుకున్నదానికంటే లోతు. చాంబర్ 2⅝ అంగుళాలే. ఆయన పొడిగించనా అని అడిగాడు, ఆగమన్నాను. చోకులు ఒకటి మాడిఫైడ్ (మధ్యరకం), ఇంకోటి ఫుల్.

కొత్తదేమేలు

చెప్పానా? వాపసు ఇచ్చెయ్.

బర్మింగ్‌హామ్_పిచ్చి

పొడిగించొద్దు! అప్పటి అమెరికన్ తయారీదారులు కొందరు కావాలనే షెల్ కంటే ఎనిమిదో వంతు అంగుళం కురచగా చాంబర్ తీసేవారు, 2¾ షెల్ వాడతారని తెలిసే. కాగితం షెల్ మూతి ఆ ఇరుకులో గుళ్ళకి దారి మెత్తగా చేస్తుందని వాళ్ళ లెక్క. ఇప్పుడు ఆ ఇనుము తీసేస్తే మళ్ళీ రాదు.

తాతగారి_గ్రీనర్

వాళ్ళు లెక్కేసింది కాగితం షెల్‌కి. ప్లాస్టిక్ గోడ మందం వేరు.

బర్మింగ్‌హామ్_పిచ్చి

అందుకే తక్కువ ఒత్తిడి తూటా వాడాలి. 2½ అంగుళాలవి ఆర్డరు మీద దొరుకుతాయి, 12 గేజ్‌కి ఒక ఔన్సు లేదా అంతకంటే తక్కువ గుళ్ళు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, పెట్టె మీద వేగం తక్కువని రాసి ఉన్నంత మాత్రాన ఒత్తిడి తక్కువని కాదు, రెండూ వేరు. తయారీదారు ఒత్తిడి అంకె చెప్పే తూటాలే కొనండి. మామూలు 12 గేజ్ 2¾ తూటాకి సామీ (అమెరికా తుపాకీ, తూటా తయారీదారుల ప్రమాణాల సంస్థ) పెట్టిన గరిష్ఠ ఒత్తిడి 11,500 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు). మీకు అంతకంటే చాలా కిందవి కావాలి. స్టీలు గుళ్ళు అసలే వద్దు.

కొత్తదేమేలు

స్టీలు వద్దంటే బాతులు బంద్. నీటి పక్షులకి 1991 నుంచి దేశమంతా సీసం నిషేధం. సీసం బదులు వాడే బిస్మత్ గుళ్ళ ధర చూశారా?

పావురాలసీజన్

ఆయన అడిగింది పావురాల ముచ్చట. పావురాలకు సీసం నడుస్తది. కానీ తమ్మీ, ప్రతి సీజన్‌కు తూటాలు ఆర్డర్ పెట్టుకుని కూసునే ఓపిక ఉందా నీకు? 311 అయితే ఊరి దుకాణంల దొరికే మామూలు టార్గెట్ తూటా వేసి కొట్టుకోవచ్చు. గది సుత గొట్టం లోపట చూపించుకున్నంకనే, అది వేరే ముచ్చట.

కొత్తచెయ్యి

ఓపిక సంగతి తెలీదు కానీ దాన్ని భుజానికి ఎత్తితే చూపు సరిగ్గా పట్టీ మీద పడింది. 311 ఎత్తితే పడలేదు. చెక్క మరమ్మతుకి 120 అవుతుందన్నాడు స్మిత్, మొత్తం 695. ఉంచేసుకుంటున్నాను. చాంబర్ ముట్టుకోవద్దని చెప్పాను, కుడి గొట్టం చోక్ తెరిపించే పని వచ్చే జీతం దాకా వాయిదా. 2½ అంగుళాల తూటాలు డాలస్ చుట్టుపక్కల చేతికి దొరికే చోటు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. పోస్టు ఖర్చుతో కలిపితే బడ్జెట్ దాటిపోతోంది.