ఎన్‌క్లెక్స్‌కి ఎనిమిది వారాలే ఉంది, స్కోరు కదలట్లేదు. ఉద్యోగానికి ఇప్పుడే అప్లై చేయాలా?

కాబోయే_ఆర్‌ఎన్:

టెక్సస్‌లో బీఎస్ఎన్ (నర్సింగ్ డిగ్రీ) ఈ నెలాఖరుకి అయిపోతుంది. ఎనిమిది వారాల్లో ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ (అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు, అంటే ఆర్‌ఎన్, లైసెన్స్ పరీక్ష) రాద్దామనుకుంటున్నాను. యూవరల్డ్ అనే ప్రాక్టీసు ప్రశ్నల సైట్‌లో సగానికి పైగా ప్రశ్నలు చేశాను గానీ సగటు 54 శాతం దగ్గరే ఆగిపోయింది. ఎక్కువగా పోతున్నవి మూడు రకాలు: ‘ముందు ఎవర్ని చూస్తారు’ అనేవి, సెలెక్ట్ ఆల్ (సరైనవన్నీ ఎంచుకోమనేవి), హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) డ్రిప్ లెక్కలు. కేస్ స్టడీలు (ఒకే పేషెంట్ మీద వరసగా వచ్చే ప్రశ్నలు) ఇంకా ముట్టుకోలేదు.

రెండోది ఉద్యోగం సంగతి. లైసెన్స్ వచ్చాకే అప్లై చేయాలా, ఇప్పుడే చేయొచ్చా? రెజ్యూమెలో రాయడానికి క్లినికల్స్ (చదువులో భాగంగా ఆసుపత్రిలో చేసిన శిక్షణ) తప్ప ఏమీ లేవు. ఇంకొకటి, నా పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీ. పరీక్ష సెంటర్లో ఇబ్బంది అవుతుందా?

క్లినికల్_ఇన్‌స్ట్రక్టర్:

ముందు ఆ 54 గురించి. యూవరల్డ్ ప్రశ్నలు కావాలనే కష్టంగా ఉంటాయి, 50ల మధ్యలో సగటు ఉన్నవాళ్లు పాసవడం మామూలే. ఆ అంకె కన్నా వాళ్ల సెల్ఫ్ అసెస్‌మెంట్ (మాదిరి పరీక్ష) ఫలితాన్ని చూసుకోండి. పరీక్షకి నాలుగు వారాల ముందు ఒకటి, పది రోజుల ముందు ఒకటి రాస్తే సరిపోతుంది.

స్కోరు కదలకపోవడానికి కారణం చాలాసార్లు ఒకటే. ప్రశ్నలు చేస్తున్నారు, వివరణలు చదవట్లేదు. 75 ప్రశ్నలకి గంటన్నర పడితే వాటి సమీక్షకి మూడు గంటలు పట్టాలి. సరైనవి ఎందుకు సరైనవో, మిగతా మూడు ఎందుకు కావో కూడా చూడాలి. తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కన ఒక కారణం రాయండి: విషయం తెలియదు, ప్రశ్న సరిగా చదవలేదు, తెలిసీ ప్రాధాన్యం తప్పుగా అంచనా వేశాను. వారం తిరిగేసరికి ఎటు ఒరుగుతోందో కనపడుతుంది. విషయం తెలియకపోతే పుస్తకం తియ్యాలి. ప్రాధాన్యం తప్పుతుంటే పుస్తకం ఎంత చదివినా లాభం లేదు, అదే రకం ప్రశ్నలు విడిగా వందల్లో చేయాలి.

‘ముందు ఎవర్ని’ ప్రశ్నలకి ఏబీసీ (శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ అనే వరస) ఒక్కటే పట్టుకుంటే దెబ్బతింటారు. అంతకంటే ముందు అడగాల్సింది, ‘ఈ జబ్బుకి ఇది ఊహించదగ్గదేనా?’ అని. ఉదాహరణకి నలుగురు పేషెంట్లు: సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉండి ఆక్సిజన్ శాచురేషన్ 90 శాతం ఉన్నాయన, తుంటి ఎముక ఆపరేషన్ అయిన రెండో రోజు కొత్తగా కంగారుపడుతూ ఎక్కడున్నానో తెలియట్లేదు అంటున్నాయన, నొప్పి పదికి ఎనిమిది అంటున్న కిడ్నీలో రాయి పేషెంట్, డిశ్చార్జ్ కోసం ఎదురుచూస్తున్న డయాబెటిస్ పేషెంట్. చాలామంది 90 అంకె చూసి మొదటాయన దగ్గరికి పరిగెడతారు. సీఓపీడీకి 90 అనుకున్నదే. రెండో ఆయనకి వచ్చిన గందరగోళం కొత్తది, హఠాత్తుగా వచ్చింది. ఆక్సిజన్ తగ్గుతోందనడానికి అది తొలి గుర్తు కావచ్చు, ఎముక ఆపరేషన్ తర్వాత ఫ్యాట్ ఎంబోలిజమ్, పల్మనరీ ఎంబోలిజమ్ (కొవ్వు లేదా రక్తపు గడ్డ వెళ్లి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో అడ్డుపడటం) రెండింటికీ అవకాశం ఉంది. ముందు ఆయన్నే చూడాలి. కొత్తది పాతదాని కన్నా ముందు, ఊహించనిది ఊహించినదాని కన్నా ముందు, హఠాత్తుగా వచ్చింది దీర్ఘకాలికం కన్నా ముందు. ఏబీసీ ఆ తర్వాత.

పని అప్పగించే ప్రశ్నల్లో అసెస్‌మెంట్, బోధన, ఫలితం బేరీజు వేయడం ఆర్‌ఎన్ చేతిలోంచి కదలవు. ఎల్‌పీఎన్‌కి (ఆర్‌ఎన్ కన్నా కింది స్థాయి లైసెన్స్ ఉన్న నర్సు) స్థిరంగా ఉన్న పేషెంట్లు. ఎయిడ్‌కి (నర్సింగ్ సహాయకులకి) వైటల్స్ (బీపీ, పల్స్ లాంటివి), ఇన్‌టేక్ అవుట్‌పుట్, నడిపించడం, స్నానం లాంటివి, అదీ పేషెంట్ స్థిరంగా ఉంటేనే. రక్తం ఎక్కించేటప్పుడు మొదటి 15 నిమిషాలు ఆర్‌ఎన్ అక్కడే ఉండాలి, ఆ వైటల్స్ ఎవరికీ అప్పగించకూడదు.

సెలెక్ట్ ఆల్ మార్కుల తీరు 2023 ఏప్రిల్ నుంచి మారింది. ఇప్పుడు అంతా లేదా సున్నా కాదు. ఎన్ని ఎంచుకోవాలో చెప్పని ప్రశ్నలో సరైనదానికి ఒకటి కలుస్తుంది, తప్పుకి ఒకటి పోతుంది, మొత్తం సున్నా కిందికి దిగదు. ఆరు ఆప్షన్లలో నాలుగు సరైనవనుకోండి. మూడు సరైనవి, ఒక తప్పు పెడితే రెండు మార్కులు. అనుమానంతో ఆరూ పెట్టేసినా అవే రెండు మార్కులు. అందుకే ప్రతి ఆప్షన్‌నీ విడిగా ‘అవునా కాదా’ అని తేల్చుకోండి, నమ్మకం లేనిది వదిలేయండి. ‘రెండు ఎంచుకోండి’ అని సంఖ్య చెప్పిన ప్రశ్నలో మార్కు కోత ఉండదు, అక్కడ మాత్రం ఖాళీ వదలకండి.

కేస్ స్టడీలు ఇప్పుడే మొదలుపెట్టండి. ఇవి తప్పించుకోగలిగేవి కావు: పరీక్ష 85 ప్రశ్నల దగ్గరే ఆగినా అందులో మార్కులున్న మూడు కేసులు, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు, మొత్తం 18 వస్తాయి. ఆరు ప్రశ్నలూ ఒకే వరసలో నడుస్తాయి: లక్షణాలు గుర్తించడం, వాటిని విశ్లేషించడం, ఏది ముఖ్యమో తేల్చడం, ఏం చేయొచ్చో ఆలోచించడం, చేయడం, ఫలితం చూడటం. తెర మీద కేసు వివరాల ట్యాబులు చదివేటప్పుడు అంకె కన్నా మార్పు మీద కన్నుండాలి. 8 గంటలకి బీపీ 128/76, పల్స్ 88. 10 గంటలకి బీపీ 104/60, పల్స్ 118, యూరిన్ గంటకి 20 మిల్లీలీటర్లు. బీపీ 104 విడిగా చూస్తే ఎవరూ ఉలిక్కిపడరు. రెండు గంటల్లో అంత పడి, పల్స్ అంత పెరిగి, యూరిన్ గంటకి 30 కిందికి పోయిందంటే షాక్ వైపు వెళ్తున్నట్టు. ఆపరేషన్ అయిన పేషెంట్ అయితే డ్రెస్సింగ్, డ్రెయిన్ చూడాలి. జ్వరం, ల్యాక్టేట్ పెరుగుదల ఉంటే సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే ప్రాణాపాయ స్థితి) అనుమానించాలి.

మందుల్లో అన్నీ బట్టీ పట్టొద్దు. ప్రాణం తీసేవి ముందు: ఇన్సులిన్, హెపారిన్, వార్ఫరిన్, డిజాక్సిన్, పొటాషియం, మెగ్నీషియం సల్ఫేట్, లిథియం, ఓపియాయిడ్లు. ఒక్కోదానికి నాలుగు విషయాలు చాలు: ఏం చూసి ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి, విషమించిన గుర్తు, విరుగుడు. ఉదాహరణకి మెగ్నీషియం: రిఫ్లెక్సులు, శ్వాస, యూరిన్ చూడాలి, రిఫ్లెక్స్ పోతే ఆపాలి, విరుగుడు కాల్షియం గ్లూకోనేట్. పొటాషియం ఐవీ పుష్ ఏ సందర్భంలోనూ సరైన జవాబు కాదు.

స్టెప్‌డౌన్_నైట్స్:

హెపారిన్ లెక్క ఒకటి చేసి చూపిస్తాను. ఆర్డరు: గంటకి కిలోకి 18 యూనిట్లు. పేషెంట్ బరువు 154 పౌండ్లు. బ్యాగులో 500 మిల్లీలీటర్లకి 25,000 యూనిట్లు.

154ని 2.2తో భాగిస్తే 70 కిలోలు. 70 × 18 = గంటకి 1,260 యూనిట్లు. బ్యాగులో ఒక మిల్లీలీటర్‌కి 25,000 ÷ 500 = 50 యూనిట్లు. 1,260 ÷ 50 = గంటకి 25.2 మిల్లీలీటర్లు.

తప్పు పోయేది ఎక్కువగా మూడు చోట్ల: పౌండ్లని కిలోల్లోకి మార్చకపోవడం, నిమిషానికి అడిగితే గంటకి చెప్పడం, మధ్యలో రౌండ్ చేసేయడం. రౌండింగ్ చివర్లో ఒక్కసారే, ఎన్ని స్థానాలకో ప్రశ్నలోనే ఉంటుంది. తెర మీద కాలిక్యులేటర్ ఇస్తారు. జవాబు వచ్చాక పంపు మీద ఆ అంకె పెడతారా అని ఒక్క క్షణం ఆలోచించండి. గంటకి 252 వచ్చిందంటే దశాంశం జారిందని వెంటనే తెలుస్తుంది.

పరీక్ష రోజు: మొత్తం ఐదు గంటలు, బ్రేకులు కూడా అందులోనే. 85 నుంచి 150 ప్రశ్నలు, వెనక్కి వెళ్లడం కుదరదు. మీ స్థాయి పాస్ గీతకి పైనో కిందో 95 శాతం నమ్మకంగా తేలినప్పుడు కంప్యూటర్ ఆగుతుంది, కాబట్టి 85 దగ్గర ఆగకపోతే ఫెయిల్ అని కాదు, ఇంకా తేలలేదని అర్థం. మీరు సరిగ్గా చెప్పేకొద్దీ ప్రశ్నలు కష్టమవుతాయి, దాదాపు అందరికీ ఫెయిల్ అవుతున్నట్టే అనిపిస్తుంది. 15 ప్రశ్నలకి అసలు మార్కులే లేవు, అవి ఏవో తెలియదు. వింత ప్రశ్న వస్తే అక్కడే పది నిమిషాలు కూర్చోకండి.

కాగితాలపని:

పేరు విషయం తేలిగ్గా తీసుకోకండి. రిజిస్ట్రేషన్‌లో ఉన్న పేరు, సెంటర్లో చూపించే ఐడీలో పేరు ఒకటిగా ఉండాలి, లేకపోతే లోపలికి పంపరు, కట్టిన 200 డాలర్లు పోతాయి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా గివెన్ నేమ్‌లో ఉంటే, అమెరికా కాగితాల్లో కొన్నింట్లో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని చేరుతుంది. కాలేజీ రికార్డులో ఒకలా, డ్రైవింగ్ లైసెన్సులో ఇంకోలా ఉంటుంది. సెంటర్‌కి ఏ ఐడీ తీసుకెళ్తారో ఇప్పుడే ఖాయం చేసుకుని, అందులో అక్షరం అక్షరం ఎలా ఉందో అలాగే బోర్డ్ ఆఫ్ నర్సింగ్ దరఖాస్తులో, పియర్సన్ వ్యూ (పరీక్ష నిర్వహించే సంస్థ) రిజిస్ట్రేషన్‌లో పెట్టండి. తేడా ఉంటే పరీక్ష తేదీకి చాలా ముందే రాసి సరిచేయించుకోండి.

టెక్సస్‌లో వేలిముద్రలు, జూరిస్‌ప్రుడెన్స్ (నర్సింగ్ చట్టాల) పరీక్ష కూడా ఉంటాయి. ఎన్‌క్లెక్స్ అయ్యాక చూద్దామనుకుంటే లైసెన్స్ అక్కడే ఆగుతుంది. ఏటీటీ (పరీక్ష రాయడానికి ఇచ్చే అనుమతి) వచ్చాక దానిమీదున్న తేదీల లోపలే రాయాలి, గడువు పొడిగించరు. ఏటీటీ వచ్చిన రోజే సీటు బుక్ చేసుకోండి, ఉదయం స్లాట్లు త్వరగా పోతాయి. ఒకవేళ మళ్లీ రాయాల్సి వస్తే 45 రోజులు ఆగాలి. అప్పుడు వచ్చే పర్ఫార్మెన్స్ రిపోర్టులో ఏ విభాగంలో గీత కింద ఉన్నారో ఉంటుంది, చదువు అక్కణ్నుంచి మొదలుపెట్టాలి.

యూనిట్_ఇంటర్వ్యూ_ప్యానెల్:

ఇప్పుడే అప్లై చేయండి, నిజానికి కొంచెం ఆలస్యమే అయింది. న్యూ గ్రాడ్ రెసిడెన్సీలు (కొత్తగా పాసైన నర్సులకి శిక్షణతో కూడిన ఉద్యోగాలు) బ్యాచ్‌లుగా నడుస్తాయి. చాలా ఆసుపత్రులు బ్యాచ్ మొదలవడానికి నెలల ముందే దరఖాస్తులు మూసేస్తాయి, లైసెన్స్ ఫలానా తేదీలోపు వస్తే చాలంటాయి. మామూలు ‘ఆర్‌ఎన్’ పోస్టులకి వేస్తే ఏడాది అనుభవం లేదని సిస్టమే పక్కన పెట్టేస్తుంది. ‘న్యూ గ్రాడ్’, ‘నర్స్ రెసిడెన్సీ’ అని ఉన్నవాటికే వేయండి.

రెజ్యూమె ఒక పేజీ చాలు. ‘క్లినికల్ రొటేషన్: మెడ్-సర్జ్’ అని వదిలేస్తే ఏమీ చెప్పనట్టే. యూనిట్ రకం, ఎన్ని పడకలు, ఎన్ని గంటలు, షిఫ్టుకి ఎంతమంది పేషెంట్లని ప్రిసెప్టర్ (పక్కనుండి నేర్పే నర్సు) పర్యవేక్షణలో చూసుకున్నారు, ఏ చార్టింగ్ సిస్టమ్ వాడారు, చేతులతో ఏమేం చేశారు: ఫోలీ (మూత్రం గొట్టం), ట్రాకియాస్టమీ సక్షన్, సెంట్రల్ లైన్ డ్రెస్సింగ్. చివరి సెమిస్టర్ ప్రిసెప్టర్‌షిప్‌ని అన్నిటికన్నా పైన పెట్టండి. బీఎల్ఎస్ (ప్రాథమిక ప్రాణరక్షణ శిక్షణ) సర్టిఫికెట్ తప్పనిసరి. ‘ఎన్‌క్లెక్స్ తేదీ ఫలానా’ అని రాయండి.

ఇంటర్వ్యూలో తప్పకుండా వచ్చే ప్రశ్న: పేషెంట్ పరిస్థితి దిగజారుతోంది, డాక్టర్ ఫోన్ ఎత్తట్లేదు, ఏం చేస్తారు? ఇది ప్రాధాన్యం ప్రశ్నే, పైన ఇన్‌స్ట్రక్టర్ గారు చెప్పిన వరసలోనే ఆలోచించండి. పేషెంట్‌ని వదలను, వైటల్స్ తీస్తాను, ఛార్జ్ నర్స్‌ని పిలుస్తాను, ర్యాపిడ్ రెస్పాన్స్ (అత్యవసర బృందం) పిలిచే స్థాయిలో ఉంటే ఎవరి అనుమతి కోసమూ ఆగను, డాక్టర్ లైన్‌లోకి రాగానే ఎస్‌బార్ (పరిస్థితి, నేపథ్యం, అంచనా, సూచన) వరసలో చెప్తాను, ఎవరూ పలక్కపోతే పైవాళ్ల దాకా వెళ్తాను. ‘మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తాను’ అన్న జవాబుతో ఇంటర్వ్యూలు పోతాయి.

మీరూ అడగండి: ఓరియెంటేషన్ ఎన్ని వారాలు, అవసరమైతే పెంచుతారా, ఒకే ప్రిసెప్టర్ ఉంటారా, రాత్రి షిఫ్టులో ఒక్కో నర్సుకి ఎంతమంది, మొదటి ఆరు నెలల్లో వేరే యూనిట్లకి ఫ్లోట్ చేస్తారా. ‘అది యూనిట్‌ని బట్టి’ అంటూ దాటవేస్తే ఆ యూనిట్ మేనేజర్‌తో మాట్లాడాలని అడగండి.

కాబోయే_ఆర్‌ఎన్:

చాలా థ్యాంక్సండీ అందరికీ. ఒక ఆసుపత్రి వాళ్లు సైన్-ఆన్ బోనస్ ఇస్తామంటున్నారు, రెండేళ్లు ఉండాలట. తీసుకోవచ్చా? గ్రాడ్యుయేట్ నర్స్ పర్మిట్ (లైసెన్స్ వచ్చేలోపు పని చేయడానికి ఇచ్చే తాత్కాలిక అనుమతి) మీద ముందే చేరమని కూడా అంటున్నారు.

యూనిట్_ఇంటర్వ్యూ_ప్యానెల్:

సంతకానికి ముందు మూడు చూడండి. మధ్యలో మానేస్తే మొత్తం బోనస్ తిరిగివ్వాలా, మిగిలిన నెలల వాటా మాత్రమేనా. రెండేళ్ల లెక్క చేరిన రోజు నుంచా, ఓరియెంటేషన్ అయిపోయాకా. అదే ఆసుపత్రిలో వేరే యూనిట్‌కి మారితే ఒప్పందం తెగినట్టా. బోనస్‌తో పాటు రెసిడెన్సీ శిక్షణ ఖర్చు కూడా కట్టాలని విడిగా ఒక క్లాజు దాక్కుని ఉండొచ్చు, వెతకండి. మాటల్లో చెప్పింది లెక్కలోకి రాదు, ఆఫర్ లెటర్‌లో ఉండాలి.

పర్మిట్ మీద చేరడం టెక్సస్‌లో కుదురుతుంది, ఆర్‌ఎన్ ప్రత్యక్ష పర్యవేక్షణలో పని చేయాలి. అయితే పరీక్ష పోతే పర్మిట్ కూడా పోతుంది, ఆ ఉద్యోగం ఏమవుతుందో ముందే హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి. వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులు చేస్తూ రోజుకి 75 ప్రశ్నలు సాగవు. మీ స్కోరు చూస్తే పరీక్ష రాసి, ఆ తర్వాతి సోమవారం చేరేలా తేదీ అడగడమే మంచిది. ఈలోపు హెపటైటిస్ బి, వారిసెల్లా, ఎంఎంఆర్ టైటర్లు (టీకా రక్షణ ఉందో లేదో చూసే రక్తపరీక్షలు), టీబీ పరీక్ష చేయించి పెట్టుకోండి. టైటర్ తక్కువ వస్తే డోసులు వేసుకోవడానికి వారాలు పడుతుంది, చేరే తేదీ దానివల్లే వెనక్కి పోతుంది.