తెలుగు లెక్చరర్లే కమెడియన్లు ఎందుకయ్యారు? బ్రహ్మానందం, ఎమ్మెస్ నారాయణల పాత రోజులు

పాతరీలు:
బ్రహ్మానందం అత్తిలి కాలేజీలో తెలుగు చెప్పేవారు. ఎమ్మెస్ నారాయణ భీమవరంలో తెలుగు లెక్చరర్. ఒకే జిల్లా, ఒకే సబ్జెక్టు. ఏదో అలా కలిసొచ్చిందంటే నేనొప్పుకోను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి పీరియడ్, అరవై నిద్రమొహాలు, చేతిలో ప్రబంధ పద్యం. అక్కడ నవ్వించినవాడు ఎక్కడైనా నవ్విస్తాడు. పద్యం ఎక్కడ ఆపాలో, ఆపి ఎవరి వంక చూడాలో అక్కడే తెలిసొస్తుంది. బ్రహ్మానందం డైలాగు చెప్పకముందే మనం నవ్వేది ఆ ఆపడానికే. ఓ పల్లెటూరి క్లాసురూమే ఆయనకి యాక్టింగ్ స్కూలు. కాదంటారా?

గోదారిగట్టు:
అత్తిలి పల్లెటూరు కాదండి. మండల కేంద్రం. రైల్వే స్టేషనుంది.

చాక్‌పీసు:
కాదంటాను. రాష్ట్రంలో వేలమంది తెలుగు లెక్చరర్లు ఆ మధ్యాహ్నం పీరియడ్లు చెప్పారు. కమెడియన్లయింది ఎందరు? బ్రహ్మానందం మిమిక్రీ క్లాసురూములో పుట్టింది కాదు. సత్తెనపల్లి దగ్గర చాగంటివారిపాలెంలో, వడ్రంగం చేసే తండ్రి ఇంట్లో పుట్టిన మనిషి. నలుగురినీ నవ్విస్తే నలుగురూ దగ్గరికి తీస్తారని చిన్నప్పుడే తెలిసుంటుంది. జంధ్యాల కంట పడకపోతే అత్తిలిలోనే రిటైరయ్యేవారు. మీరప్పుడు ఆ క్లాసురూముని పొగిడేవారా?

లడ్డూబాబాయ్:
అరగుండుతోనే క్లాసుకెళ్లారా ఏంటి 😂

పాతరీలు:
మాస్టారూ, 'అహ నా పెళ్లంట' 1987లో వచ్చింది. అప్పటికి ఆయనకి ముప్పై దాటాయి. ఎమ్మెస్ రచయితగా మొదలై, 'మా నాన్నకి పెళ్లి'తో నటుడిగా పేరు తెచ్చుకునేసరికి 1997, వయసు నలభై ఆరు. అన్నేళ్లు వీళ్లు చూసింది సినిమా సెట్టు కాదు, బ్లాక్‌బోర్డు. ఆ తాగుబోతు వేషాల్లో ఎమ్మెస్ మాట తడబడుతుంది కానీ ఒక్క అక్షరం మింగడు. తెలుగు చెప్పిన నోరది.

తణుకు_బుల్లోడు:
అక్షరం మింగడన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం.

చాక్‌పీసు:
మీకు మా ఉద్యోగం సరదాగా ఉన్నట్టుంది. పద్నాలుగేళ్లుగా ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతున్నాను. గుణసంధి చెబుతుంటే వెనక బెంచీవాడు ఫోనులో బ్రహ్మానందం మీమ్ తీసి పక్కవాడికి చూపిస్తాడు. కింద 'మన సార్' అని రాసి ఉంటుంది. అదీ మీ యాక్టింగ్ స్కూలు.

పాతరీలు:
బ్రహ్మానందంతో పోలిస్తే అవమానమా? పద్మశ్రీ వచ్చిన మనిషాయన! అసలు మీ బాధ వేరు. మీరూ ఎక్కడో స్టేజీ ఎక్కాలనుకుని ఆగిపోయుంటారు. నేనూ అంతే. ఇంటర్లో మిమిక్రీ పోటీకి వెళ్తుంటే మా నాన్న బస్టాండులోనే చెంప పగలగొట్టాడు. ఇప్పుడు ఎరువుల కొట్లో కూర్చున్నాను. అసూయ ఉంటే ఉందని చెప్పండి, తప్పులేదు.

గోదారిగట్టు:
పోనీ 'పట్నం' అననక్కర్లేదు. 'పల్లెటూరు' తీసేస్తే చాలు.

చాక్‌పీసు:
అసూయా? సరే, వినండి. మొన్న జూన్‌లో మా యాజమాన్యం తెలుగు సెక్షను ఎత్తేసింది. సంస్కృతం తీసుకుంటే నూటికి తొంభై తొమ్మిది పడతాయట. తొమ్మిదిమంది పిల్లలు తెలుగు కావాలన్నారు, తొమ్మిదిమందికి లెక్చరర్ దండగన్నారు. నన్నిప్పుడు హాస్టల్లో స్టడీ అవర్లు చూసుకోమన్నారు. ఎదురుగా అరవైమంది ఉండటం, వాళ్లకి నిద్రొస్తుంటే లేపి నవ్వించడం, మీరు గొప్పగా చెబుతున్న ఆ క్లాసు నాకు లేదు. బ్రహ్మానందం ఆ ఉద్యోగం వదులుకుని వెళ్లారు. నాకు వదులుకోడానికి ఉద్యోగమే మిగల్లేదు. వెళ్లినాయన కథ అందరూ ముచ్చటగా చెబుతారు. ఉండిపోయినవాడు మీకు మీమ్.

లడ్డూబాబాయ్:
సార్, నా జోకు తీసేస్తున్నాను.

పాతరీలు:
ఉంచు తమ్ముడూ, జోకుకేం.
మాస్టారూ, నాకు సెక్షను సంగతి తెలీదు. 'అసూయ' అన్నందుకు ఏమనుకోకండి. కానీ క్లాసురూము మాట మీద మాత్రం తగ్గను. మీరిప్పుడు రాసింది చూడండి. 'నాకు వదులుకోడానికి' దగ్గర ఒక్క క్షణం ఆగి చదివాను నేను.

చాక్‌పీసు:
ఆగడం కాదు, కరెంటు పోయుంటుంది మీ కొట్లో.

తణుకు_బుల్లోడు:
😂😂 మాస్టారూ!

గోదారిగట్టు:
ఇంకా మొదటి పోస్టులో 'పల్లెటూరి' అనే ఉంది. చూస్తున్నాను.