గెలుపులో టీబో వాటా ఎంత? సూపర్ బౌల్ ఆదివారం చర్చకు ఏర్పాట్లు

చర్చ బాధ్యులు
అందరికీ నమస్కారం. ఆదివారం సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) డెన్వర్ టైమ్ ప్రకారం 4:30కి మొదలవుతుంది కాబట్టి మన చర్చ 2:45కి మొదలై 3:55కల్లా ముగియాలి. అంశం ఖాయమైంది: 2011 సీజన్‌లో మన డెన్వర్ జట్టు బ్రాంకోస్ గెలుపులకు క్వార్టర్‌బ్యాక్ (పాసులు విసిరి ఆట నడిపేవాడు) టిమ్ టీబోకి ఎంత పేరు దక్కాలి? దయచేసి దీన్ని "అవును, కాదు" జట్లుగా విడదీయవద్దు. అలా చేస్తే ఒకవైపు వాళ్ళు 46.5 శాతం పాసులే పూర్తయ్యాయనీ, ఇంకోవైపు వాళ్ళు 7 గెలుపులనీ గంటసేపు అవే మాటలు తిప్పితిప్పి చెబుతారు.

నా ప్రతిపాదన: ఆరు బల్లలు, బల్లకు ఆరు గ్లాసులు. గ్లాసుల మీద రాయాల్సినవి: టీబో పాసులు, టీబో పరుగు, మిగతా రన్నర్లూ లైనూ (ఎదుటివాళ్ళని అడ్డుకుని దారి చేసేవాళ్ళు), డిఫెన్స్, కిక్కర్ (బంతిని గోల్‌లోకి తన్నేవాడు) ప్రేటర్, ఎదుటి జట్టు పొరపాట్లు. ఒక్కో ఆటకు బల్లకు పది చింతపిక్కలిస్తాం, పంచుకుని గ్లాసుల్లో వేయాలి. టీబోకి రెండు గ్లాసులు కావాలనే పెట్టాను. అతని చేతినీ కాళ్ళనీ ఒకే గ్లాసులో వేస్తే చర్చ అక్కడే చెడిపోతుంది.

లెక్కల బల్ల
అన్నా, పిక్కలు పంచే ముందే ఈ అంకెలు గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలి. స్కోర్లన్నీ కూడి చూశాను, సీజన్ మొత్తం 309–390కి సరిపోయాయి.

మొదటి ఐదు ఆటలు, క్వార్టర్‌బ్యాక్‌గా కైల్ ఆర్టన్ మొదలుపెట్టినవి: వేసిన పాయింట్లు 105, ఇచ్చినవి 140, గెలుపు 1.
తర్వాతి 11 ఆటలు, టీబో మొదలుపెట్టినవి: వేసినవి 204, ఇచ్చినవి 250, గెలుపులు 7.

ఆటకింత అని చూస్తే వేసినవి 21 నుంచి 18.5కి పడిపోయాయి, ఇచ్చినవి 28 నుంచి 22.7కి తగ్గాయి. అంటే టీబో వచ్చాక జట్టు ఎక్కువ పాయింట్లేమీ వెయ్యలేదు. తక్కువ వేసి ఎక్కువ గెలిచింది. గెలిచిన ఏడింటిలో ఐదు 18 పాయింట్లు, అంతకంటే తక్కువతో గెలిచినవే: 18–15, 17–10, 17–13, 16–13, 13–10. ఓడిన నాలుగింటిలో మూడింట్లో ఎదుటివాళ్ళు 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ వేశారు. ఇది చూశాక ఎవరైనా ముందు డిఫెన్స్ గ్లాసు వైపే చూస్తారు. మొదటి సీజన్‌లోనే 11.5 శాక్‌లు (ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ని బంతితోనే పడగొట్టడం) చేసిన మన డిఫెన్స్ ఆటగాడు వాన్ మిల్లర్‌ని పక్కనపెట్టి ఈ కథ చెప్పలేం.

ఆట విశ్లేషణ
లెక్క సరైనదే గానీ అందులోంచి అంత తొందరగా తీర్పు తియ్యొద్దండి. ఇచ్చిన పాయింట్లు తగ్గడం ఒక్క డిఫెన్స్ పనే కాదు. ఆర్టన్ ఆ ఐదు ఆటల్లో 7 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్ళ చేతికి చిక్కిన పాసులు) ఇచ్చాడు. టీబో సీజన్ మొత్తంలో 6, అందులో 4 బఫెలోలో ఒక్క రోజే. బంతి పోగొట్టుకోకుండా నేల మీదే నడిపితే గడియారం కరుగుతుంది, రెండు జట్లకూ అవకాశాలు తగ్గుతాయి, డిఫెన్స్‌కి ఊపిరి దొరుకుతుంది. ఆ ఏడాది బ్రాంకోస్ ఆటకు 164.5 గజాల పరుగుతో లీగ్‌లోనే మొదటి స్థానం. రన్నర్ మెక్‌గాహీ 1,199 గజాలు, టీబో 660.

మెక్‌గాహీ గజాల్లోనూ టీబో వాటా ఉంది. అది మాటలతో తెలియదు, పిల్లలతో ఆడించి చూపిద్దాం. పది నిమిషాలు చాలు. నేల మీద టేపుతో గీత, ఆరుగురు పిల్లలు: క్వార్టర్‌బ్యాక్, రన్నర్, ఇద్దరు లైన్‌మెన్, అవతలి వైపు అంచున డిఫెన్సివ్ ఎండ్, వెనక లైన్‌బ్యాకర్.

లైన్‌మెన్ ఇద్దరూ ఎండ్‌ని కావాలనే వదిలేసి లైన్‌బ్యాకర్ మీదికి వెళ్ళాలి. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నర్ పొట్ట దగ్గర పెట్టి ఎండ్ భుజాలు ఎటు తిరిగాయో చూడాలి. ఎండ్ రన్నర్ మీదికి దూకితే బంతి వెనక్కి లాక్కుని తనే అంచు వైపు పరిగెత్తాలి. ఎండ్ నిలబడిపోతే బంతి రన్నర్‌కే వదిలెయ్యాలి. ఎవరూ అడ్డుకోకుండానే ఒక డిఫెండర్ ఆటలోంచి తప్పుకున్నట్టే. పరిగెత్తలేని క్వార్టర్‌బ్యాక్ అయితే ఎండ్‌కి ఆ సందేహమే ఉండదు, నేరుగా రన్నర్ మీదికే వస్తాడు.

తప్పెక్కడ జరుగుతుందంటే, ఆలస్యంగా లాగినప్పుడు. రన్నర్ అప్పటికే చేతులు బిగిస్తాడు, బంతి కింద పడుతుంది. అసలు ఆటలో దాన్నే ఫంబుల్ అంటారు. మెత్తటి బంతి తెండి, ముందు నెమ్మదిగా రెండుసార్లు నడిపించండి.

చర్చ బాధ్యులు
మంచిది. ఆటలు ఏవేవి? నా జాబితా: మయామి, కాన్సాస్ సిటీ, షికాగో, పిట్స్‌బర్గ్.

ఆట విశ్లేషణ
నవంబర్ 17 జెట్స్ ఆట కూడా కావాలి. అది లేకపోతే టీబోకి అన్యాయం. 95 గజాల డ్రైవ్ (బంతిని వరసగా ముందుకు నడపడం), ఇంకా 58 సెకన్లుండగా 20 గజాలు తనే పరిగెత్తి టచ్‌డౌన్ (బంతిని చివరి గీత దాటించడం). అదే ఆటలో మరో టచ్‌డౌన్ మాత్రం డిఫెన్స్‌ది, ఆండ్రే గుడ్‌మన్ ఎదుటివాళ్ళ పాస్ పట్టుకుని నేరుగా గీత దాటించాడు. ఒకే ఆటలో రెండు గ్లాసులూ నిండుతాయి.

మిగతా వాటికి కార్డుల మీద ఏం రాయాలంటే:

మయామి, అక్టోబర్ 23. మూడు నిమిషాల లోపు మిగిలి ఉండగా 0–15. టీబో రెండు టచ్‌డౌన్ పాసులు, తర్వాత అదనంగా దొరికే రెండు పాయింట్ల కోసం పరుగు, 15–15. ఓవర్‌టైమ్‌లో మన డీజే విలియమ్స్ మయామి క్వార్టర్‌బ్యాక్ మాట్ మూర్ చేతిలోంచి బంతి ఊడగొట్టాడు, ప్రేటర్ 52 గజాల నుంచి కొట్టాడు. మధ్యలో దొరికిన ఆన్‌సైడ్ కిక్‌ని (తన్నిన జట్టే బంతి తిరిగి పట్టుకోవాలని కొట్టే చిన్న కిక్) మరచిపోకండి.

కాన్సాస్ సిటీ, నవంబర్ 13. టీబో 8 పాసుల్లో 2 పూర్తి, 69 గజాలు. జట్టు 55 సార్లు పరిగెత్తి 244 గజాలు. రన్నర్లు మెక్‌గాహీ, మొరీనో ఇద్దరూ గాయపడి తప్పుకుంటే లాన్స్ బాల్ 30 సార్లు మోశాడు. పూర్తయిన ఆ రెండింటిలో ఒకటి ఎరిక్ డెకర్‌కి 56 గజాల టచ్‌డౌన్.

షికాగో, డిసెంబర్ 11. ఇది చింతపిక్కలకు అసలు పరీక్ష. 0–10 నుంచి టీబో ఒక టచ్‌డౌన్ పాస్ వేశాడు. ఆ తర్వాత షికాగో రన్నర్ మారియన్ బార్బర్ పక్క గీత దాటి బయటికి వెళ్ళడంతో గడియారం ఆగింది. అతను లోపలే పడిపోయి ఉంటే దాదాపు 40 సెకన్లు కరిగిపోయేవి. ప్రేటర్ 59 గజాలతో సమం, ఓవర్‌టైమ్‌లో బార్బర్ ఫంబుల్, ప్రేటర్ 51తో గెలుపు. షికాగోకి గాయంతో వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జే కట్లర్ కూడా లేడు.

పిట్స్‌బర్గ్, 2012 జనవరి 8. ఇది ప్లేఆఫ్ ఆట, పైన చెప్పిన ఏడు గెలుపుల్లో లేదు. పాసుల గ్లాసు నిండాల్సింది ఇక్కడే. 21లో 10 మాత్రమే పూర్తి, కానీ 316 గజాలు. పరుగుకి భయపడి వాళ్ళ సేఫ్టీలు (అందరికంటే వెనక కాపు కాసేవాళ్ళు) ముందుకొచ్చేశారు, వెనక ఖాళీ. ఓవర్‌టైమ్ మొదటి బంతికే డిమేరియస్ థామస్‌కి 80 గజాలు, 29–23. థామస్ 2021లో చనిపోయాడు. ఆ క్లిప్పు అయ్యాక ఒక్క క్షణం ఆగుదాం. ఆ 80లో ఎక్కువ భాగం అతను పరిగెత్తినవే.

లెక్కల బల్ల
ఓడిన ఆట ఒక్కటైనా పెట్టండి అన్నా. జనవరి 1, కాన్సాస్ సిటీతో 3–7. డిఫెన్స్ ఏడు పాయింట్లకే ఆపింది, అయినా ఓటమి. టీబో 22లో 6, 60 గజాలు. అవతల క్వార్టర్‌బ్యాక్ మన పాత ఆర్టనే. "అంతా డిఫెన్సే" అనేవాళ్ళూ "అంతా టీబోనే" అనేవాళ్ళూ ఇద్దరూ జవాబు చెప్పాల్సిన ఆట ఇది. దీనికి పిక్కలొద్దు, ఐదు నిమిషాల మాటలు చాలు.

చర్చ బాధ్యులు
ఒప్పుకున్నాను. ఐదు ఆటలకు 55 నిమిషాలు, పిల్లల ప్రదర్శన 10, ఓడిన ఆట 5. మొత్తం గంటా పది.

తెర, మైకులు
ఒక హెచ్చరిక. చివరి డ్రైవ్ క్లిప్పు ముందు చూపిస్తే పిక్కలన్నీ టీబో గ్లాసుల్లోకే పోతాయి. కళ్ళు చూసిందే లెక్క అవుతుంది. అందుకే ప్రతి ఆటకూ ముందు కార్డు చదవాలి, తర్వాత పిక్కలు వెయ్యాలి, చివర్లో క్లిప్పు. క్లిప్పు చూశాక రెండు పిక్కలు మాత్రం మార్చుకోవచ్చు. లీగ్ సొంత ఛానెల్ నుంచే నేరుగా వేస్తాం, ప్రకటనలు అడ్డం రాకుండా ఐదూ ముందే తెరిచి సిద్ధంగా ఉంచుతాను.

వంట
భోజనం 1:30కి. 120 మందికి పులిహోరకు 9 కిలోల బియ్యం, 600 గ్రాముల చింతపండు. ఇక్కడ 5,280 అడుగుల ఎత్తులో నీళ్ళు దాదాపు 95 డిగ్రీలకే మరుగుతాయి, కందిపప్పు విడి గిన్నెలో పెడితే ఎంతసేపైనా పలుకుగానే ఉంటుంది. కుక్కర్‌లోనే పెట్టి రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి. బియ్యానికి నీళ్ళు మరీ పెంచితే ముద్దవుతుంది, అరగంట నానబెడితే చాలు.

లెక్కల బల్ల
వదినగారూ, మీరు చెప్పిన ఆ పలచటి గాలే ప్రేటర్‌కీ సాయం. షికాగో మీద 59, 51 రెండూ ఇక్కడ కొట్టినవే. మయామిలో 52 మాత్రం సముద్రమట్టంలో కొట్టాడు. ఆ మాట కార్డు మీద రాస్తాను.

చర్చ బాధ్యులు
అయితే కావాల్సినవి: గ్లాసులు 36, చింతపిక్కలు 300. ఒకే పరిమాణంలో ఉన్నవి ఏరి, కడిగి, ఎండబెట్టి తేవాలి. గ్లాసులు మధ్యలో ఖాళీ చెయ్యం కాబట్టి ప్రతి ఆట అంకెనూ బల్ల దగ్గరి కాగితం మీద వెంటనే రాసుకోవాలి, లేకపోతే చివర్లో ఏ పిక్క ఏ ఆటదో తెలియదు. చిన్నపిల్లలున్న బల్లల మీద గ్లాసులకు మూతలు పెట్టండి, పిక్క నోట్లో వేసుకుంటారు. పిక్కలు ఎవరు తెస్తున్నారు?

వంట
పులిహోర చింతపండు గింజలు తియ్యనిదే కొంటున్నాం. 300 వస్తాయో లేదో గురువారం రాత్రి లెక్కపెట్టి ఇక్కడే చెబుతాను.