అన్నిటికీ "ఔ నాయనా" అంటున్నారు, స్కేలు ఎలా అడగాలి?

అనంతపురంలో ఎంఏ సైకాలజీ, చివరి సెమిస్టర్. పాతూరులో 60 దాటినవాళ్లకు తమ వీధితో ఉన్న అనుబంధం మీద ప్రాజెక్టు చేస్తున్నా. మెక్‌మిలన్, చావిస్‌ల 1986 సిద్ధాంతం ఆధారంగా వచ్చిన 8 వాక్యాల 'బ్రీఫ్ సెన్స్ ఆఫ్ కమ్యూనిటీ స్కేల్' (ఒక్కో వాక్యాన్ని ఎంతవరకు ఒప్పుకుంటారో అడిగి, ఉన్నచోటితో అనుబంధాన్ని కొలిచే ప్రశ్నావళి) వాడుతున్నా. తెలుగు చేసి, వేరేవాళ్లతో తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి సరిచూసుకున్నా.

అసలు సర్వేకు ముందు పైలట్‌గా 22 మందిని అడిగితే 19 మంది అన్నిటికీ "ఔ నాయనా" అనేశారు. 5 ఆప్షన్లను 3కి తగ్గించా, మార్పు లేదు. రెండు వాక్యాలను వ్యతిరేక అర్థం వచ్చేలా తిరగేసి అడిగా, వాటికీ ఔననే! పుస్తకం మూసి కూర్చుంటే మాత్రం కొళాయి దగ్గర గొడవలన్నీ చెప్తారు. చదివి వినిపించేది నేనే కాబట్టి మొహమాటమేమో.

చదువు రాని పెద్దవాళ్లను ఇలాంటి స్కేలు నోటితో అడిగినవాళ్లున్నారా? జవాబుల్లో తేడా తెలిసేలా ఎలా అడిగారు?