కొత్త స్టార్టప్ గురించి అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో చెప్పుకుంటే తప్పేంటి?

నిజాంపేట_నివాసి:
మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో జరిగింది చెబుతాను, మీరేమంటారో చూద్దాం. ఒకావిడ "ట్యాంకర్ నీళ్ల లెక్క చూసుకోవడానికి ఏదైనా యాప్ ఉందా?" అని అడిగింది. కాసేపటికే ఒకాయన ఓ యాప్ లింకు పెట్టి "మేం వాడుతున్నాం, చాలా బాగుంది" అన్నాడు. తర్వాత తేలిందేంటంటే, అడిగినావిడ ఆ యాప్ పెట్టిన కుర్రాడి అక్క, జవాబిచ్చినాయన అతని పార్టనర్. కుర్రాడు మా బి బ్లాకులోనే ఉంటాడు. అడ్మిన్ ముగ్గుర్నీ గ్రూపులోంచి తీసేశారు. యాప్ మాత్రం పనికొచ్చేదే. ట్యాంకర్ పోయకముందు ఒకసారి, పోశాక ఒకసారి వాచ్‌మన్ సంపు ఫోటో తీసి పెడితే, పదివేల లీటర్లని బిల్లు వేసి నిజంగా ఎన్ని పోశారో తెలిసిపోతుంది. ఇంతకీ తీసేయడం న్యాయమేనా?

కొండాపూర్_కోడర్:
ముమ్మాటికీ అన్యాయం. కొత్తగా కంపెనీ పెట్టినవాడికి యాడ్స్ ఇచ్చుకునే డబ్బులెక్కడివి? స్టార్టప్‌ల కోసం తెలంగాణ ప్రభుత్వం పెట్టిన టీ-హబ్ 2022 నుంచి రాయదుర్గంలో అంత పెద్ద భవనంలో నడుస్తోంది. అక్కడ సలహాలిచ్చేవాళ్లు దొరుకుతారు, సంపులున్నవాళ్లు దొరకరు. వాళ్లుండేది మన గ్రూపుల్లోనే.

పెద్ద కంపెనీలూ ఇలాగే మొదలయ్యాయి. డ్రూ హ్యూస్టన్ 2007లో ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచుకునే తన డ్రాప్‌బాక్స్‌ని, టెక్ వాళ్లు మాట్లాడుకునే హ్యాకర్ న్యూస్ సైటులో పెట్టి చూపించాడు. మరుసటి ఏడాది లింకులు పంచుకునే డిగ్ సైటులో ఒక వీడియో పెడితే రాత్రికి రాత్రి వెయిటింగ్ లిస్టు 5 వేల నుంచి 75 వేలకు పోయింది. ఇక చర్చల సైటు రెడిట్ 2005లో మొదలైనప్పుడు సైటు ఖాళీగా కనపడకూడదని పెట్టినవాళ్లే రకరకాల పేర్లతో పోస్టులు వేసుకున్నారు. ఆ సంగతి వాళ్లే బయటపెట్టారు. అలాంటిది, అక్క చేత ఒక్క ప్రశ్న అడిగించినందుకు ఈ కుర్రాణ్ని వెలేస్తారా?

తార్నాక_పెద్దాయన:
బాబూ, హ్యూస్టన్ ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతోంది. ఆయన "ఇది నేను చేశాను" అని చెప్పుకునే పెట్టాడు. సొంతంగా చేసినవి చూపించుకోవడానికి హ్యాకర్ న్యూస్‌లో "షో హెచ్ఎన్" అని విడిగా ఉంది. స్నేహితుల చేత ఓట్లు వేయించుకోవద్దన్న రూలూ ఉంది. మన దగ్గర ప్రకటనల సంగతి చూసే ఆస్కీ కూడా, కంపెనీతో సంబంధం ఉన్న ఇన్‌ఫ్లుయెన్సర్లు ఆ మాట పోస్టులోనే చెప్పాలని 2021లో నియమం పెట్టింది. ఆన్‌లైన్ రివ్యూలకు, ప్రమాణాలు ఖరారు చేసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. పార్టనరై ఉండి "మేం వాడుతున్నాం" అనడం అభిప్రాయం కాదు, మోసం.

మణికొండ_మహి:
మా గ్రూపులో అమ్మకాల పోస్టులు ఆదివారం ఒక్కరోజే. ఇన్నాళ్లలో గొడవన్నదే లేదు.

కొండాపూర్_కోడర్:
సార్, ఐఎస్ 19000 రివ్యూలు ప్రచురించే సంస్థల కోసం వచ్చింది. అదీ స్వచ్ఛందంగా పాటించమని తెచ్చింది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు అందులోకి ఎలా వస్తుంది?

తార్నాక_పెద్దాయన:
చట్టం పట్టదంటే తప్పు ఒప్పయిపోతుందా?

కొండాపూర్_కోడర్:
ప్రమాణం సంగతి ఎత్తింది మీరు. అది వర్తిస్తుందా, లేదా? ముందు అది చెప్పండి.

మియాపూర్_మెట్రో:
ప్లాట్ల ఏజెంట్లు రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగ్‌తో పాటు బ్రోచర్ పెడతారు. వాళ్లనెవరూ తీసేయరు. ఎందుకంటే వాళ్లలో ఒకాయన కమిటీ మెంబరు.

కొండాపూర్_కోడర్:
ఇదిగో, అసలు విషయం మియాపూర్ గారు చెప్పారు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నేను నా యాప్ గురించి సొంత పేరుతోనే రాశాను. "స్పామ్" అన్నారు, తీసేశారు. అదే వారం అదే గ్రూపులో ఒక విల్లా ప్రాజెక్టు బ్రోచర్ వచ్చింది. ఒక్కరు కిక్కురుమనలేదు. నిజాయితీగా చెప్పినా తీసేస్తారు, దాచినా తీసేస్తారు. మీ తరం వాళ్లకి పిల్లలు అమెరికాలో ఉద్యోగం చేస్తే గొప్ప. ఇక్కడే ఉండి పక్క బ్లాకు కుర్రాడు ఏదైనా చేస్తే అనుమానం. చివరికి నీళ్లు కొట్టేసే ట్యాంకర్ వాడి మీద ఉన్న నమ్మకం కూడా వాడి మీద లేదు!

మోడరేటర్:
వయసు మీదకు వెళ్లకండి. విషయం మాట్లాడండి.

తార్నాక_పెద్దాయన:
అననివ్వండి. నమ్మలేదంటున్నారుగా, నమ్మితే ఏమైందో నేనూ చెబుతాను.

మా కాంప్లెక్సులో ఒక అబ్బాయి సీసాల్లో ఆవుపాలు తెచ్చిచ్చే స్టార్టప్ పెట్టాడు. వాళ్లమ్మగారే గ్రూపులో రాశారు, "మా వాడే, మీ అందరి ఆశీస్సులు కావాలి" అని. దాచిందేమీ లేదు. ఏడాదికి ముందే కడితే డిస్కౌంటన్నారు. మా అంతస్తులో అందరం కట్టాం. కొన్ని నెలలు పాలు బాగానే వచ్చాయి. తర్వాత రోజు మార్చి రోజు రావడం మొదలైంది, ఆ తర్వాత ఆగిపోయాయి. అదే ఊరూపేరూ తెలియని కంపెనీ అయితే కన్స్యూమర్ ఫోరానికి వెళ్లేవాణ్ని. ఇక్కడ ఏం చేయను? మా ఆవిడ ఆపరేషన్‌కి హాస్పిటల్లో ఉన్నప్పుడు ఆ అబ్బాయి తల్లే మాకు క్యారేజీ పంపింది. ఇప్పుడు లిఫ్టులో ఎదురైతే ఆవిడ తలెత్తదు, నేనూ పలకరించలేను. డబ్బు పోతే పోయింది. ఇరవై ఏళ్ల ఇరుగుపొరుగు చెడిపోయింది.

కాబట్టి పేరు చెప్పి అమ్మారా, దాచి అమ్మారా అన్నది నాకు రెండో సంగతి. బయటివాడు అమ్మితే నిలదీయగలను. పొరుగువాడు అమ్మితే నోరెత్తలేను. మా చేత డబ్బు కట్టించింది ఆ మొహమాటమే.

ఉప్పల్_ఉష:
మా ఆడపడుచు చీరల గ్రూపు విషయంలోనూ ఇదే జరిగింది. రంగు వెలిసినా ఎవరూ ఆమెతో అనలేదు, కొనడం మానేశారంతే. ఎందుకు మానేశారో ఆమెకి ఇప్పటికీ తెలియదు. పెట్టినవాళ్లకీ ఇందులో నష్టమే.

కొండాపూర్_కోడర్:
పెద్దాయన గారూ, మీ కోపం అర్థమైంది. కానీ ఆ మొహమాటమే లేకపోతే ఊరూపేరూ లేని యాప్‌ని మొదటి పదిమంది ఎందుకు ముట్టుకుంటారు? తెలిసినవాళ్లు కాస్త ఓర్చుకుని వాడితేనే అందులో తప్పులు బయటపడతాయి, సర్దుకోగలుగుతాం. ఆ ఓర్పు కూడా వద్దంటే ఈ ఊళ్లో డబ్బున్నవాడే కంపెనీ పెట్టాలి.

తార్నాక_పెద్దాయన:
ఓర్పు ఇస్తాను. ఉచితంగా వాడి, ఏం బాగాలేదో చెప్పమంటే కూర్చుని చెబుతాను. అడ్వాన్సు మాత్రం ఇవ్వను.

నిజాంపేట_నివాసి:
ఈ ఆదివారం అసోసియేషన్ మీటింగుంది. కుర్రాడు తన పేరుతోనే వచ్చి యాప్ చూపించుకోవాలని, ఏడాది కాకుండా నెలనెలా కడతామని అడుగుతాను. మీరన్న ప్లాట్లు, విల్లాల బ్రోచర్ల సంగతి కూడా అక్కడే ఎత్తుతాను.

కొండాపూర్_కోడర్:
నెలనెలా కడితే, మూడో నెలలో సగం ఫ్లాట్లు మానేస్తే అతని సర్వర్ బిల్లు ఎవరు కడతారు?

తార్నాక_పెద్దాయన:
అతనే కట్టాలి. కంపెనీ అతనిది కదా.