అద్దె ఇంట్లో కుక్కకు బదులు తాబేలు: పెంచవచ్చా, పెంచకూడదా?

కొర్లగుంట నాన్న

సభ్యులందరికీ నమస్కారం. మేము తిరుపతి కొర్లగుంటలో మూడో అంతస్తులో అద్దెకుంటున్నాము. నాలుగో తరగతి చదువుతున్న మా అబ్బాయి చాలాకాలంగా కుక్కపిల్ల కావాలని పట్టుబడుతున్నాడు. కుక్కా పిల్లీ ఉండకూడదని ఇంటి యజమాని ఒప్పందం రాసుకున్ననాడే తేల్చి చెప్పారు. మొన్న చేపల తొట్లు అమ్మే కొట్టుకు వెళ్తే, కళ్ల వెనుక ఎర్రటి చార ఉన్న పచ్చని తాబేలు పిల్లను చూపించి, ప్లాస్టిక్ డబ్బాతోనూ ఎండు రొయ్యల పొట్లంతోనూ కలిపి ఇస్తామన్నారు. పిల్ల నా అరచేతిలో సగం కూడా లేదు. ‘అరవదు, కరవదు, ఖర్చుండదు’ అన్నది కొట్టువారి మాట. పెంచిన అనుభవం ఉన్నవారు, వద్దనుకునేవారు కారణాలతో సహా చెప్పగలరని కోరుతున్నాను.

తిరుచానూరు అమ్మమ్మ

నాయనా, తాబేలు చొచ్చిన ఇల్లూ, జప్తుకు కోర్టు అమీనా చొచ్చిన ఇల్లూ బాగుపడవని తిరుత్తణి వైపు మా పుట్టింటివారు అనేవారు. పిల్లవాడు ముచ్చటపడుతున్నాడు కాబట్టి ఒక రామచిలుకను కొనివ్వండి. నాలుగు మాటలైనా నేర్చుకుంటుంది.

పలమనేరు మాస్టారు

అమ్మా, మా పలమనేరు దగ్గర కూర్మాయిలో విష్ణుమూర్తిని కూర్మరూపంలోనే కొలుస్తున్నాము. గుడిలో దేవుడైనది ఇంటి గడప దాటగానే అరిష్టం ఎలా అవుతుందో నాకు బోధపడదు. కనుక ఆ మాటను పక్కన పెడదాము.

నా అభ్యంతరం వేరు. పిల్లవాడు అడిగింది బడి నుంచి రాగానే ఎదురొచ్చే ప్రాణిని. ఇవ్వబోతున్నది డబ్బాలో కూర్చుని గోడవైపు చూసే ప్రాణిని. తాబేలుకు మనిషి తోడు అక్కరలేదు, పేరు పెట్టి పిలిస్తే పలకదు, తనను పెంచేది ఎవరో దానికి తెలియదు. నెల తిరగకముందే పిల్లవాడికి విసుగు పుడుతుంది. ఆ తరువాత దాని బాగోగులు చూసేది తల్లే.

రేణిగుంట షిఫ్టు

మాస్టారు గారికి నమస్కారం. తాబేలును చూడకుండానే తీర్పు చెప్పినట్లు అనిపించింది. నేను చాలా ఏళ్లుగా ఆ జాతి తాబేలునే పెంచుతున్నాను. దానిని రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం దాని స్వస్థలం.

ముందుగా కొర్లగుంట అన్నకు ఒక మాట. కొట్టువారు చెప్పిన మూడింటిలో ‘అరవదు’ ఒక్కటే నిజం. భయపడితే కరుస్తుంది. ఖర్చు సంగతికి వస్తే, ఆ పిల్ల ఆడదైతే చిప్పే సుమారు 25 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. చిప్ప పొడవులో ప్రతి అంగుళానికి 40 లీటర్ల నీరు ఉండాలన్నది పెంచేవారు పాటించే లెక్క. మీకు చూపించిన డబ్బా దానికి నాలుగు నెలలు కూడా చాలదు. నీళ్లలోనే తిని నీళ్లలోనే విసర్జిస్తుంది కాబట్టి మంచి ఫిల్టర్ కావాలి. ఎక్కి ఒళ్లు ఆరబెట్టుకోవడానికి పొడి మెట్టు, దాని మీద వేడి దీపం, వాటితోపాటు ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలనిచ్చే యూవీబీ దీపం ఉండాలి. ఈ చివరిది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టక చిప్ప మెత్తబడి వంకర పోతుంది. కిటికీ దగ్గర పెడితే ఎండ తగులుతుంది కదా అని చాలామంది అనుకుంటారు. ఆ కిరణాలను కిటికీ అద్దమే ఆపేస్తుంది. పోనీ మేడ మీద పెడదామంటే, మన మే నెల ఎండలో నీడ లేని తొట్టిలోని తాబేలు మధ్యాహ్నానికి ఉడికిపోతుంది. ఎండు రొయ్యలు ఎప్పుడో ఒకసారి పెట్టే చిరుతిండి మాత్రమే. పెద్దదయ్యేకొద్దీ ఆకుకూరలు ఎక్కువగా పెట్టాలి.

ఇక మాస్టారి మాటకు జవాబు. నేను తొట్టి దగ్గరకు రాగానే అది మెట్టు దిగి, అద్దానికి ముక్కు ఆనించి కాళ్లు ఆడిస్తుంది. మా తమ్ముడు వస్తే మాత్రం తల లోపలికి లాక్కుంటుంది. తనను పెంచేది ఎవరో దానికి తెలియదని ఎలా అనగలరు?

పలమనేరు మాస్టారు

తిండి పెట్టే చెయ్యి తెలియడం వేరు, మనిషి తెలియడం వేరు. మీ తమ్ముడిని రోజూ తిండి పెట్టమనండి, అప్పుడు మీరు రాగానే తల లాక్కుంటుందేమో చూడండి.

రేణిగుంట షిఫ్టు

అలాగైతే కుక్క మాత్రం తిండి పెట్టే చేతిని కాక మరి దేనిని చూసి తోక ఊపుతుంది? నేను ఉత్త చేతులతో వచ్చినా అది అద్దం దగ్గరకు వస్తుంది.

పలమనేరు మాస్టారు

కుక్క కడుపు నిండాక కూడా కాళ్ల దగ్గరే పడుకుంటుంది. మీ తాబేలు కడుపు నిండాక ఎక్కడికి పోతుందో చెప్పండి.

రేణిగుంట షిఫ్టు

దీపం కిందికి పోతుంది. వేడి లేకపోతే తిన్నది అరగదు కాబట్టి పోతుంది. అది అలక కాదు, దాని శరీర ధర్మం.

పుంగనూరు పిల్లోడు

మన పుంగనూరుకు పేరు తెచ్చిన పొట్టి ఆవు ఉండగా ఈ అమెరికా తాబేలు ఎందుకండీ? మూడో అంతస్తు ఎక్కించే సంగతి మాత్రం యజమానితో మీరే మాట్లాడుకోవాలి.

చంద్రగిరి వాసి

కొనవలసిన పనేముంది? వాన పడిన మరునాడు మా పొలం గట్ల మీద నక్షత్రాల చిప్ప తాబేళ్లు తిరుగుతూ కనబడతాయి. ఒకటి పట్టుకొచ్చి ఇస్తాను. నీళ్ల తొట్టి అక్కరలేదు, గడ్డీ ఆకులూ తింటుంది. విసుగు పుడితే ఏ గుడి కోనేట్లోనో వదిలేయండి, పుణ్యమూ వస్తుంది.

పశువైద్య విద్యార్థిని

చంద్రగిరి అన్నా, దయచేసి ఆ పని చేయవద్దు. నక్షత్ర తాబేలును పట్టడమూ, ఇంట్లో ఉంచుకోవడమూ నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించినప్పుడు దానిని అత్యధిక రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులో చేర్చారు. ఆ షెడ్యూలులోని జంతువు విషయంలో నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా పడతాయి. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా పూర్తిగా నిషేధించారు. ఇలా గట్ల మీద నుంచి ఒక్కొక్కటిగా ఏరినవే సంచులకెక్కి, విమానాశ్రయాల్లో పెట్టెల నిండా పట్టుబడుతున్నాయి. పైగా అది నేల మీద బతికే జాతి, ఈత రాదు. కోనేట్లో వదిలితే మునిగి చస్తుంది. అమ్మమ్మగారికి కూడా ఒక మనవి. మన రామచిలుకను పంజరంలో పెట్టడం కూడా ఈ చట్టం ప్రకారం నేరమే. మన చెరువుల్లో దొరికే తాబేళ్లనూ ఇంటికి తెచ్చుకోకూడదు.

కొట్టులోని అమెరికా తాబేలు మన వన్యప్రాణి కాదు కనుకనే బాహాటంగా అమ్ముతున్నారు. దానిని కోనేట్లో వదలడం మరీ ప్రమాదం. లోకంలోని వంద అతి హానికరమైన చొరబాటు జాతుల జాబితాలో అది ఉంది. ఎండకాగే రాళ్లనూ తిండినీ ఆక్రమించి మన తాబేళ్లను తరిమేస్తుంది. కేరళలో ఇప్పటికే ఈ బెడద మొదలైంది.

ఇంట్లో పిల్లవాడున్నాడు కాబట్టి మరొక విషయం. ఆరోగ్యంగా కనబడే తాబేలు ఒంటి మీద కూడా సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. అమెరికాలో పిల్లలు జబ్బు పడుతున్నారని 1975లోనే, చిప్ప నాలుగు అంగుళాలకు తక్కువగా ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు. మీకు చూపించింది సరిగ్గా ఆ సైజుదే. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, తొట్టి నీళ్లను వంటింటి సింకులో పారబోయకూడదు.

పలమనేరు మాస్టారు

అమ్మాయి చెప్పిన తరువాత కూడా దీన్ని పెంచుకోమనేవారికి నేను ఒకటే అడుగుతున్నాను. ఇంత మంది తాబేలువైపు ఎందుకు మొగ్గుతున్నారు? ప్రేమ ఉండి కాదు, అది నోరు లేనిది కాబట్టి. మా అపార్ట్‌మెంటు సంఘంవారు మా కుక్క మొరుగుతోందని మీటింగు పెట్టి, లిఫ్టు వాడకూడదన్నారు, ఆపైన నోటీసు అంటించారు. పెంపుడు జంతువులను సంఘాలు నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలిచ్చింది. ఆ కాగితాన్ని చూపించినా ఎవరూ చదవలేదు. చివరకు పూతలపట్టు దగ్గర మా బావమరిది తోటకు దానిని పంపవలసి వచ్చింది. నోటీసు అంటించిన పెద్దమనిషి ఇంటి హాల్లో పళ్లెమంత తొట్టిలో రెండు తాబేళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కుతూ ఉంటాయి. ‘చూశారా, మా వాటి వల్ల ఎవరికైనా ఇబ్బంది ఉందా?’ అని నన్నే అడిగాడు. రేణిగుంట బాబూ, మీదీ అదే కోవ. బాధ చెప్పుకోలేని ప్రాణిని ఏరుకుని, దానికి మంచి జంతువని పేరు పెట్టారు.

రేణిగుంట షిఫ్టు

మాస్టారూ, మీ సంఘంవారి మీది కోపాన్ని నా నెత్తిన రుద్దకండి. మీ కుక్కకు జరిగింది అన్యాయమే, దాంట్లో వాదన లేదు. నేను మాత్రం ఒక వారం పగలు, ఒక వారం రాత్రి ఫ్యాక్టరీ డ్యూటీకి వెళ్లే మనిషిని. ఒక్కడినే ఉంటాను. నేను కుక్కను తెచ్చుకుంటే అది పన్నెండు గంటలపాటు మూసిన తలుపు వెనుక ఏడుస్తుంది. నేను లేకపోయినా దిగులుపడని ప్రాణి కావాలని ఆలోచించే తాబేలును ఎంచుకున్నాను. బాధ చెప్పుకోలేదంటారా? తినడం మానేస్తుంది, కళ్లు వాచి మూసుకుపోతాయి, ముక్కు దగ్గర బుడగలు వస్తాయి, ఒక పక్కకు ఒరిగి ఈదుతుంది. చూసేవాడికి అవన్నీ మాటలే. మగతోడు లేకపోయినా ఆడ తాబేలుకు గుడ్లు వస్తాయి. తవ్వుకోవడానికి మట్టి లేకపోతే అవి కడుపులోనే ఉండిపోయి ప్రాణం మీదికి వస్తుంది. నాది కాళ్లతో అద్దం గీరుతుంటే ఆ రాత్రే ఇసుక తెచ్చి పెట్టె నింపాను. దీన్ని ప్రేమ అనకపోతే మీరు ఇంకేమంటారు?

పలమనేరు మాస్టారు

పోషణ అంటాను. చక్కని పోషణ. అయితే మీ ఇద్దరి మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఏదీ లేదు. పెంపుడు ప్రాణి అంటే మనకు దాని అవసరం, దానికి మన అవసరం ఉండాలి. ఆ రెండో సగం లేనప్పుడు దానిని ఇంట్లో బంధించే హక్కు మనకు ఎక్కడిది?

రేణిగుంట షిఫ్టు

మన అసలు తగాదా ఇక్కడే ఉంది. ఇంతసేపూ గుర్తుపడుతుందా లేదా అని అనవసరంగా కొట్టుకున్నాము. అది నన్ను గుర్తుపట్టకపోయినా నీళ్లు మారుస్తాను. దాని నుంచి నాకు ఏమీ రావలసిన పని లేదు. మీ లెక్క ప్రకారం బదులివ్వని ప్రాణిని పెంచడమే తప్పు. నా లెక్క ప్రకారం, బదులు కోసం పెంచితేనే బదులు రానినాడు వదిలేస్తారు. హక్కు గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఇక్కడ వదిలితే మన చెరువులకు చేటు, తిరిగి అమెరికాకు పంపలేను. ఇప్పటికే ఈ దేశంలో ఉన్నదానిని చూసుకోవడం తప్ప వేరే దారి లేదు.

పలమనేరు మాస్టారు

ఉన్నదానిని చూసుకోండి, కాదనను. కొత్తది కొంటే కొట్టువాడు ఇంకో పది తెప్పిస్తాడు. ఆ మాటకు మీ దగ్గర జవాబు లేదు.

పశువైద్య విద్యార్థిని

పోషించలేక వదిలించుకోవాలని చూసేవారి దగ్గర నుంచి తీసుకుంటే కొట్టుకు డబ్బు పోదు. అలాంటివారు ఊళ్లో ఎప్పుడూ ఉంటారు. అయితే ఈ జాతి ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. బాబు ఉద్యోగానికి వెళ్లేనాటికి కూడా అది ఇంట్లోనే ఉంటుందని గుర్తుంచుకోండి.

కొర్లగుంట నాన్న

అందరికీ కృతజ్ఞతలు. ఇదంతా చదివి మా ఇంటావిడ ‘400 లీటర్ల నీళ్లు మూడో అంతస్తులో ఎవరు మోస్తారు?’ అని అడిగింది. ట్యాంకర్ నీళ్లతో గడిపే మాకు అది చిన్న ప్రశ్న కాదు. అబ్బాయి మాత్రం ఒకసారి పెద్ద తాబేలును చూస్తానంటున్నాడు. రేణిగుంట తమ్ముడూ, అభ్యంతరం లేకపోతే మీ ఇంటికి తీసుకురావచ్చా?

రేణిగుంట షిఫ్టు

తప్పకుండా తీసుకురండి అన్నా. అయితే తిండి పెట్టే వేళకు వద్దు, అప్పుడు ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది. ఆదివారం పొద్దున ఫిల్టర్ కడుగుతాను, ఆ వేళకు రండి. స్పాంజి పిండినప్పుడు వచ్చే వాసన బాబు కూడా చూడాలి, బకెట్టు కూడా తానే పట్టుకోవాలి.

పలమనేరు మాస్టారు

వెళ్లి రండి. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆ కొట్టు ఉన్న వీధిలో రావద్దు.