1200 మి.మీ. వ్యాసం ప్రెషర్ వెసెల్‌కు ఫ్లాట్ ఎండ్ (చదునైన అడుగు): 50 మి.మీ. ప్లేటా, 12 ప్లేటుకు రిబ్బులా?

చౌటుప్పల్_ఫ్యాబ్:
ఫ్లోరైడ్ నీళ్లకు యాక్టివేటెడ్ అల్యూమినా (ఫ్లోరైడ్‌ను పట్టుకునే గుళికలు) వెసెల్ చేయాలె. లోపలి వ్యాసం 1200, డిజైన్ ప్రెషర్ 6 బార్, వేడి 50 డిగ్రీలు, కరోజన్ అలవెన్స్ (తుప్పుకు అరిగేదానికి కలిపే మందం) 1.5 మి.మీ., లోపల రబ్బర్ లైనింగ్. కాళ్ల మీద నిలబడేది, షెడ్డు ఎత్తు తక్కువ. కింద స్ట్రెయినర్లు (నీళ్లు వడకట్టే జాలీలు) సమంగ కూసోవాలని పార్టీ ఫ్లాట్ ఎండ్ అడుగుతున్నరు. ఏఎస్ఎంఈ ప్రెషర్ వెసెల్ కోడ్‌ల ఫ్లాట్ ఎండ్ రూల్ యుజి-34 లెక్క వేస్తే 47 వస్తున్నది, అంటే 50 ప్లేట్. దాని బదులు 12 ప్లేటుకు బయట రిబ్బులు (బలానికి నిలబెట్టి వెల్డ్ చేసే పట్టీలు) కొడితే ఆగుతదా? సెంటర్ నుంచి ఎనిమిది రిబ్బులు నక్షత్రం లెక్క పోయే బొమ్మ ఇచ్చిన్రు.

పాలమూరు_డిజైన్:
ఆగుతుంది. కానీ నక్షత్రం వద్దు అన్నా. ఎనిమిది రిబ్బులు అంచుకు చేరేసరికి వాటి మధ్య 470 మి.మీ. ఖాళీ పడుతుంది, అక్కడ 12 ప్లేట్ చాలదు. మధ్యలో మాత్రం అన్నీ ఒకచోట గుమిగూడి ఎలక్ట్రోడ్ దూరదు. బెండింగ్ ఎక్కువగా ఉండేదీ అక్కడే, వెల్డ్ చెడిపోయేదీ అక్కడే.

సమాంతరంగా ఐదు రిబ్బులు, 200 దూరంలో పెట్టు. మెటీరియల్ ఎస్ఏ 516 గ్రేడ్ 70 (ప్రెషర్ వెసెల్ స్టీలు), అనుమతించే స్ట్రెస్ 138 ఎంపీఏ అనుకుంటే:

ప్లేట్ మందం = 200 × √(0.6 ÷ (2.1 × 138)) = 9.1. అలవెన్స్ కలిపితే 10.6, కాబట్టి 12 సరిపోతుంది.

నడిమి రిబ్బు మీద లోడ్ మిల్లీమీటరుకు 0.6 × 200 = 120 న్యూటన్లు. 1200 పొడవుకు మొమెంట్ 120 × 1200² ÷ 8, అంటే 2.16 కోట్ల న్యూటన్-మి.మీ. 16 × 200 ఫ్లాట్‌ను, అరిగిన తర్వాత మిగిలే 10.5 ప్లేటులో 200 వెడల్పుతో కలిపి టీ సెక్షన్‌గా లెక్కిస్తే రిబ్బు కొన దగ్గర సెక్షన్ మాడ్యులస్ దాదాపు 1,74,500. స్ట్రెస్ 124. పాస్.

షాపులో మిగిలిన ఐఎస్ 2062 (మామూలు స్ట్రక్చరల్ స్టీలు, ఈ250 గ్రేడ్) ముక్కలతో రిబ్బులు కొట్టేద్దాం అనుకోవద్దు. దాని కనీస టెన్సైల్ 410, మూడున్నరతో భాగిస్తే 117. అదే 16 × 200 అప్పుడు ఫెయిల్, 220 ఎత్తు కావాలి. అన్నిటికన్నా ఎక్కువ స్ట్రెస్ పడేది రిబ్బు కొన మీదే, ప్లేటు మీద కాదు.

ఒక మాట: యుజి-34లో రిబ్బుల ఫార్ములా లేదు. కోడ్ స్టాంప్ వేయాల్సిన వెసెల్ అయితే యు-2(జి) (కోడ్‌లో ఫార్ములా లేని డిజైన్లకు వర్తించే రూల్) కింద ఈ లెక్క ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టి ఒప్పించాలి, లేదా ఎఫ్ఈఏ (కంప్యూటర్ మీద స్ట్రెస్ విశ్లేషణ) చేయించాలి. ప్లేట్ కట్ చేయకముందే అడగండి.

జడ్చర్ల_వెల్డింగ్:
లెక్క బాగుంది, అయితే ఇలాంటి ఎండ్ పగిలేది మధ్యలో కాదు, రిబ్బు చివర్లో. నడిమి రిబ్బు ఒక్కో చివర 72,000 న్యూటన్లు, అంటే ఏడు టన్నులు దాటి పడుతుంది. రిబ్బును షెల్‌కు 50 మి.మీ. లోపలే ఆపేస్తే ఆ ఏడు టన్నులూ 12 ప్లేటే మోయాలి. రిబ్బు చివర వెల్డ్ అంచు దగ్గర వెంట్రుకంత పగులు మొదలై వెల్డ్ వెంబడి పాకుతుంది. ప్లేటు 1260 కోసుకుని, రిబ్బు చివర షెల్ గోడ మీదుగా దాటేలా పెట్టండి. అదే లైనులో షెల్ బయట 10 మి.మీ. గస్సెట్ (ఆసరా ముక్క) వేయండి. ఆ జాగాలో ప్లేటును మందం దిశలో లాగుతున్నట్టు అవుతుంది కాబట్టి లామినేషన్ (ప్లేటు లోపల పొర విడిపోవడం) లేదని అల్ట్రాసోనిక్‌తో చూసుకోవాలి.

రిబ్బుకు రెండు వైపులా 6 మి.మీ. ఫిల్లెట్ (మూల వెల్డ్) చాలు. చివర్లలో షియర్ సుమారు 46 ఎంపీఏ వస్తుంది, ఫిల్లెట్‌కు 76 దాకా ఒప్పుకుంటారు. చివరి 150 మి.మీ. రెండు పక్కలా ఆపకుండా వేయండి. ఒకే రిబ్బును ఒక చివర నుంచి ఇంకో చివరకు వరుసగా కొట్టుకుంటూ పోతే 12 ప్లేటు గిన్నెలాగా లేస్తుంది. ప్లేటును మందమైన బెడ్‌కు క్లాంపులు బిగించి, నడిమి రిబ్బుతో మొదలుపెట్టి అటు ఒక 100, ఇటు ఒక 100 వేసుకుంటూ పోవాలి.

హైడ్రోటెస్ట్ (నీళ్లతో ప్రెషర్ పరీక్ష) 7.8 బార్ దగ్గర నడిమి రిబ్బుకు డయల్ గేజ్ పెట్టండి. లెక్క ప్రకారం వంపు 0.85 మి.మీ.; పక్క రిబ్బులు పొట్టివి, అవీ పంచుకుంటాయి కాబట్టి ఇంకా తక్కువే రావాలి. ప్రెషర్ వదిలాక ముల్లు సున్నాకు రాకపోతే ఎక్కడో లొంగిందని అర్థం. లైనింగ్ ఈ టెస్ట్ తర్వాతే. లైనింగ్ అయ్యాక బయట ఒక్క టాక్ (చుక్క వెల్డ్) వేసినా లోపల రబ్బరు కాలిపోతుంది.

పాలమూరు_డిజైన్:
ఎత్తు సంగతి ఇప్పుడు లెక్క చూశా. ప్లేటు 12, రిబ్బు 200, మొత్తం 212. ఫ్లాట్ బదులు ఆరు శాతం నకిల్ (అంచు దగ్గర వంపు) ఉన్న డిష్డ్ ఎండ్ (గిన్నె ఆకారపు అడుగు) పెడితే లోతు దాదాపు 203, స్ట్రెయిట్ ఫ్లాంజ్ 40 కలిపితే 243. ఫ్లాట్‌తో ఎత్తులో మిగిలేది 30 మి.మీ. మాత్రమే. అదీ నిలవదు: రిబ్బుల మధ్య ఖాళీ 184, మూడించుల 150 క్లాస్ ఫ్లాంజ్ 190. డ్రెయిన్ నాజిల్ మెడను రిబ్బుల కిందికి, 250 దాకా దింపాల్సిందే.

బరువు చూడు. 50 ప్లేట్ 444 కేజీలు, రిబ్బులది 238 కేజీలు ప్లస్ పదిన్నర మీటర్ల ఫిల్లెట్. డిష్డ్ ఎండుకు లెక్కలో వచ్చేది 4.6, అలవెన్స్ 1.5, ఫార్మింగ్‌లో పలచబడేదానికి కలిపి 8 ప్లేట్, సుమారు 100 కేజీలు.

స్ట్రెయినర్లకు ఫ్లాట్ అడుగే అక్కర్లేదు. హెడర్-లేటరల్ పైపులు (నడిమి పైపు, దాని నుంచి పక్కలకు పోయే కొమ్మ పైపులు) అడ్డంగా పెట్టి, డిష్ నిండా గ్రేడెడ్ గులకరాళ్లు నింపి, దాని మీద అల్యూమినా పోస్తే అయిపోతుంది. రాయి సిలికాదే కావాలి. రీజనరేషన్‌లో (అల్యూమినాను కడిగి మళ్లీ పనికొచ్చేలా చేయడంలో) కాస్టిక్ తర్వాత ఆసిడ్ పోతుంది, సున్నపురాయి కలిస్తే కరుగుతుంది. అదే కారణంగా డిష్‌ను కాంక్రీటుతో నింపొద్దు.

చౌటుప్పల్_ఫ్యాబ్:
30 మి.మీ. కోసం పదిన్నర మీటర్ల వెల్డింగ్ ఎందుకు, నిజమే. లేటరల్ బొమ్మ గీసి రేపు పార్టీకి చూపిస్త. లేటరల్స్ పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) పెట్టొచ్చా?

జడ్చర్ల_వెల్డింగ్:
పీపీ సరిపోతుంది. 50 డిగ్రీల దగ్గర అది మెత్తబడి వంగుతుంది కాబట్టి రెండు చోట్ల సపోర్టు ఇవ్వండి. ఆ సపోర్టు క్లిప్పులు లైనింగ్‌కు ముందే వెల్డ్ చేసి, మూలలన్నీ గుండ్రంగా గ్రైండ్ చేయండి.